అనుమానానికీ ఒక గడి

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే ధమనిలో ఒత్తిడి పెరగడాన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ దీని ఆనవాలు పట్టలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ ధమని సగటు ఒత్తిడి 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. అది రెండు మూడు రెట్లు పెరిగినా మొదట్లో బయటపడేది కాస్త ఆయాసం, మెట్లెక్కితే అలసట, కొన్నాళ్లకు కాళ్ల వాపు. ఇవే లక్షణాలు రక్తహీనతలోనూ ఆస్తమాలోనూ ఒళ్లు బరువెక్కినప్పుడూ ఉంటాయి. అందువల్ల ఈ జబ్బు చాలామంది కేసు షీట్లలో మొదట ఒక అనుమానంగానే అడుగుపెడుతుంది. ఇవాళ ఆ కేసు షీట్లలోనూ డిశ్చార్జ్ సమ్మరీల్లోనూ ఈ జబ్బు పేరు వచ్చిన ప్రతి చోటునూ వెతికి పట్టుకుని ‘ఉంది’, ‘లేదు’, ‘ఉండవచ్చు’, ‘ఇదివరకు ఉండేది’, ‘రోగికి కాదు, వాళ్లమ్మకు’ అని గుర్తులు పెట్టే పని ఒకటి నడుస్తోంది. కంప్యూటరుకు చదువు నేర్పడానికి చేసే గుమాస్తా పని అని దీన్ని తేలిగ్గా తీసిపారేయవచ్చు. కానీ దీని వెనక వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. ప్రతి తరమూ తన అవసరం కొద్దీ డాక్టరు అనుమానాన్ని కోసేసి, మిగిలిన ముక్కకు జబ్బు అని పేరు పెట్టింది. ఆ అనుమానాన్ని చెరపకుండా రాసిపెట్టుకోవడం నేర్చిన మేరకే ఈ పనికి విలువ వచ్చిందని ఆ చరిత్ర చెబుతుంది.

తొలి గుర్తులు పడింది శవపరీక్షల గదిలో. 1891లో జర్మన్ వైద్యుడు ఎర్న్‌స్ట్ ఫాన్ రోంబెర్గ్ ఒక రోగి శవంలో పల్మనరీ ధమనులు గట్టిపడి ఉండటం గమనించాడు. అందుకు తగిన కారణం గుండెలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఆయనకు దొరకలేదు. పదేళ్ల తర్వాత, 1901లో, బ్యూనస్ ఎయిరెస్‌లో ఆబెల్ అయెర్సా తీవ్రమైన ఆయాసంతో, ఒళ్లు నల్లబడేంతగా నీలం తిరిగిన ఒక రోగి గురించి ఉపన్యాసమిచ్చాడు. ఇలాంటి రోగులను ఆయన ‘నల్లటి గుండెజబ్బు మనుషులు’ అన్నాడు. ఆ ఉపన్యాసాన్ని ఆయన అచ్చు వేయించలేదు. శిష్యులే దానికి ‘అయెర్సా జబ్బు’ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. వాళ్లలో అర్రిలాగా దీనికి మూలం సిఫిలిస్ అన్నాడు. గురువు చూసింది ఒక లక్షణాల మూట, శిష్యుడు చేర్చింది ఒక ఊహ. పేరు స్థిరపడేసరికి రెండూ కలిసిపోయాయి. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ పేరుతో వైద్య పత్రికల్లో కేసులు వస్తూనే ఉన్నాయి. ఆ ముడి విప్పినవాడు ఆస్కార్ బ్రెన్నర్. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ రికార్డుల నుంచి పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు చెందిన 100 మంది చరిత్రలను తీసి, శవపరీక్షల ఫలితాలతో పోల్చి, 1935లో సుదీర్ఘమైన అధ్యయనం ప్రచురించాడు. అయెర్సా జబ్బు అంటూ విడిగా ఏదీ లేదనీ, పాత ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె విఫలమైన రోగులకే ఆ పేరు పెడుతున్నారనీ తేల్చాడు. ఇతరులు రాసిపెట్టిన నోట్లను మళ్లీ చదివి గుర్తులు సరిచేయడం అనే పనికి ఈ జబ్బు చరిత్రలో ఇంతకంటే మంచి తొలి ఉదాహరణ చూపడం కష్టం.

బ్రెన్నర్ ఆ పని చేయగలిగాడంటే అప్పటికి కేసు షీట్లు వెతికితే దొరికే స్థితిలో ఉన్నాయన్నమాట. అది అంతకుముందు తరం సాధించిన మార్పు. పందొమ్మిదో శతాబ్దపు ఆసుపత్రుల్లో ఏ డాక్టరు పుస్తకం ఆ డాక్టరుదే. ఒకే రోగి మూడుసార్లు వస్తే మూడు పుస్తకాల్లో మూడు ముక్కలుగా ఉండేవాడు. 1907లో మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ రోగికి ఒక నంబరు, ఆ నంబరు మీద ఒకే ఫైలు అనే పద్ధతి తెచ్చాడు. జబ్బు పేరు మీద సూచిక కార్డులు రాసే రికార్డు రూము ఉద్యోగం కూడా ఈ కాలంలోనే ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. 1928లో ఉత్తర అమెరికా రికార్డు లైబ్రేరియన్లు ఒక సంఘం పెట్టుకున్నప్పుడు దానికి తొలి అధ్యక్షురాలైన గ్రేస్ వైటింగ్ మైయర్స్ పనిచేసింది కూడా బ్రెన్నర్ ఫైళ్లు తీసిన ఆసుపత్రిలోనే. డాక్టరు పేజీల కొద్దీ రాసినదాన్ని చదివి ఏ కార్డు మీద ఏ పేరు రాయాలో నిర్ణయించిన ఈ రికార్డు రూము మనుషులే ఇవాళ తెర ముందు కూర్చుని వాక్యాలకు ట్యాగులు పెట్టేవాళ్ల పూర్వీకులు. వాళ్ల కార్డు మీద పేరుకు చోటుంది. డాక్టరు ఆ పేరును ఎంత నమ్మకంతో రాశాడో చెప్పడానికి మాత్రం లేదు.

కార్డులకు తోడు జాబితాలు వచ్చాయి. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియ్యోఁ మరణ కారణాల పట్టిక ఒకటి తయారుచేశాడు. 1900లో అది అంతర్జాతీయ జాబితా అయింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చిన ఆరో సవరణతో చావులకే కాక జబ్బులకూ విస్తరించింది. ఐసీడీ అని మనమంతా వినే కోడ్ల పుస్తకం ఇదే. చావుల లెక్క కోసం పుట్టిన పట్టిక కాబట్టి దాని స్వభావం కూడా ఆ లెక్కదే: ఒక మనిషి, ఒక మూలకారణం, ఒక అంకె. ఇందులో ‘ఇతరములు’, ‘స్పష్టంగా పేర్కొననివి’ అనే గడులు లేకపోలేదు. కానీ వాటి సందేహమంతా రకం గురించే. జబ్బు ఉండటం మీదే సందేహం ఉంటే ఆ పట్టికలో కూర్చోవడానికి చోటు దొరకదు. ఈ తేడా చిన్నదిగా తోచవచ్చు. తర్వాతి చిక్కులన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

ఈలోగా జబ్బును కొలిచే దారి తెరుచుకుంది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిరలో గొట్టం దూర్చుకుని గుండె దాకా పంపుకున్నాడు. న్యూయార్కులోని బెల్లెవ్యూ ఆసుపత్రిలో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ ఆ గొట్టాన్ని కొలమానంగా మార్చారు. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. 1951లో డేవిడ్ డ్రెస్‌డేల్, కారణం కనిపించని కేసులకు ‘ప్రైమరీ పల్మనరీ హైపర్‌టెన్షన్’ అనే పేరు ఖాయం చేశాడు. ఆ తర్వాత ఒక విపత్తు ఈ పేరును ప్రపంచానికి తెలియజేసింది. ఆకలి చంపి బరువు తగ్గిస్తుందని 1965 నుంచి స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీల్లో అమ్మిన అమినోరెక్స్ అనే మందు తర్వాత ఆ దేశాల్లో ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగింది. 1968లో మందును ఉపసంహరించారు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో నిపుణులను కూర్చోబెట్టింది. అమెరికాలో 1981 నుంచి 1985 దాకా నడిచిన జాతీయ రిజిస్ట్రీ 187 మందిని నమోదు చేసింది. ప్రతి ఒక్కరికీ గొట్టం వేసి కొలిచాకే పేరు ఎక్కించారు. లక్షణాలు మొదలయ్యాక జబ్బు తేలడానికి సగటున రెండేళ్లు పట్టిందనీ, తేలాక సగంమంది 2.8 ఏళ్లకు మించి బతకలేదనీ ఆ రిజిస్ట్రీ చెప్పిన లెక్కలు నేటికీ ఉదహరిస్తారు.

ఆ 187 మంది గుర్తులు నిక్కమైనవే. అదే సమయంలో అదే దేశపు ఆసుపత్రుల కోడ్లలో పరిస్థితి వేరు. ఐసీడీ తొమ్మిదో సవరణలో ప్రైమరీ రకానికి 416.0 అనే కోడు ఉండేది. గుండె ఎడమ భాగం దెబ్బతినడం వల్ల వచ్చినా, పొగ తాగి ఊపిరితిత్తులు పాడవడం వల్ల వచ్చినా, రక్తపు గడ్డల వల్ల వచ్చినా మిగతావన్నీ చాలావరకు 416.8 అనే ఒకే మూటలోకి గుంపులో గోవింద అన్నట్టు చేరాయి. 1983లో అమెరికా మెడికేర్ పథకం జబ్బు కోడును బట్టి ఆసుపత్రికి డబ్బు చెల్లించే పద్ధతికి మారడంతో కోడు రాసే పని రికార్డు రూము నుంచి ఖాతాల విభాగానికి దగ్గరైంది. ఇప్పుడు గుర్తుకు ధర ఉంది. పరిశోధకుడు అడిగే ప్రశ్న ‘ఈ రోగికి జబ్బు ఉందా?’ అని. బిల్లు అడిగేది ‘ఈ రోగి కోసం ఏ పని చేశారు?’ అని. ఒకే అంకె ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఈ చిక్కు ఎంత లోతైనదో చూడాలంటే హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ ఆఫీసులో అమెరికా ఫైళ్లు చూసే ఉద్యోగికి రోజూ ఎదురయ్యే ఒక నిబంధన చాలు. ఆసుపత్రిలో చేరిన రోగి డిశ్చార్జ్ అయ్యేనాటికి డాక్టరు ‘బహుశా’, ‘అనుమానం’, ‘ఇంకా తేల్చాల్సి ఉంది’ అని రాస్తే, ఆ జబ్బు ఉన్నట్టే కోడు వేయాలి. అవుట్ పేషెంటుగా వచ్చిన రోగి చీటీలో అవే మాటలు ఉంటే ఆ జబ్బుకు కోడు వేయకూడదు, ఆయాసమో వాపో లక్షణాన్ని మాత్రమే రాయాలి. నిబంధన వెనక న్యాయం ఉంది. అనుమానించిన జబ్బు కోసం ఆసుపత్రిలో పరీక్షలకూ వైద్యానికీ నిజమైన ఖర్చు అయింది, దానికి చెల్లింపు ఉండాలి. ఫలితం మాత్రం చూడండి. ఒకే డాక్టరు, ఒకే రోగి, ఒకే వాక్యం. వార్డులో రాస్తే ‘ఉంది’ అవుతుంది, ఓపీలో రాస్తే మాయమవుతుంది. అనుమానం ఒక తలుపు లోపల నిశ్చయం, బయట శూన్యం. అమీర్‌పేటలో ఈ కోర్సు చేసిన కుర్రాళ్లు ఈ నిబంధనను కంఠతా పడతారు. కానీ ఆ కోడ్లను పోగుచేసి ‘ఈ దేశంలో ఇంతమందికి ఈ జబ్బు’ అని లెక్క వేసేవాళ్లలో ఎంతమంది ఆ తలుపు సంగతి గుర్తుపెట్టుకుంటారన్నది వేరే ప్రశ్న. కోడ్లను మాత్రమే నమ్మి ఈ జబ్బు రోగులను గుర్తిస్తే తప్పులు ఎక్కువని పరిశీలకులు పదేపదే చెప్పారు. కోడుకు తోడు పరీక్షలు, మందులు, డాక్టరు రాసిన మాటలు కలిపి చూడాలన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

డాక్టరు రాసిన మాటలను యంత్రంతో చదివించే ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో నేయొమీ సేగర్ బృందం 1970లలోనే ఎక్స్‌రే రిపోర్టులను వ్యాకరణ సూత్రాలతో విడగొట్టి పట్టికల్లోకి ఎక్కించింది. అదే దారిలో కొలంబియా విశ్వవిద్యాలయంలో కారల్ ఫ్రీడ్‌మన్ 1990లలో కట్టిన మెడ్‌లీ వ్యవస్థ, జబ్బు పేరుతో పాటు డాక్టరు ఎంత ఖాయంగా చెప్పాడో కూడా విడిగా రాసేది. చిన్న సూత్రం పెద్ద పని చేసింది మాత్రం 2001లో. పిట్స్‌బర్గ్‌లో వెండీ చాప్‌మన్ బృందం ‘నెగ్ఎక్స్’ పేరుతో ఒక సాదా పద్ధతి ప్రకటించింది: ‘లేదు’, ‘కనిపించలేదు’, ‘రోగి కాదంటున్నాడు’ లాంటి మాటల జాబితా పెట్టుకుని, వాటికి అయిదు మాటల దూరంలో జబ్బు పేరు వస్తే దాన్ని కొట్టేయడం. డాక్టర్లు ఏమేమి లేవో కూడా వరసగా రాస్తారు కాబట్టి పేరు కనిపించినంత మాత్రాన జబ్బు ఉందనుకునే యంత్రం ప్రతి రోగికీ డజను జబ్బులు అంటగట్టేది. ఆ తర్వాత అదే బృందపు ‘కాన్‌టెక్స్ట్’ మరి మూడు ప్రశ్నలు చేర్చింది: ఇది ఇప్పటిదా పాతదా, జరిగినదా జరగవచ్చని చెబుతున్నదా, రోగిదా కుటుంబంలో వేరొకరిదా. 2010లో ఐ2బీ2 సంస్థ పెట్టిన పోటీలో 871 నివేదికల్లో ప్రతి సమస్యకూ ఆరు గడులు ఇచ్చారు: ఉంది, లేదు, కావచ్చు, ఫలానా సందర్భంలోనే, ముందు ముందు రావచ్చు, వేరొకరిది. బెర్తియ్యోఁ పట్టికలో లేని ప్రశ్నకు ఇక్కడ పేరున్న గడి దొరికింది.

ఆ గడుల్లో చివరిది, అంటే ‘వేరొకరిది’ అన్నది, ఈ జబ్బులో పారేయాల్సిన గడి కాదు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందనీ, బీఎమ్‌పీఆర్2 అనే జన్యువులో లోపం అందుకు కారణమనీ 2000లో తేలింది. అమ్మకు ఉందని రాసిన వాక్యాన్ని కూతురి లెక్కలో వేస్తే తప్పు, పూర్తిగా వదిలేస్తే అంతకంటే పెద్ద తప్పు. సరైన గడిలో పడిన వాక్యం కూతురికి పరీక్ష చేయించమని చెబుతుంది. 2008లో ఇదే వరసలో స్థూలకాయం గురించి జరిగిన పోటీ మరో తేడాను బయటపెట్టింది. అక్కడ నిపుణులు ఒకే ఫైలుకు రెండు రకాల గుర్తులు పెట్టారు: కాగితంలో స్పష్టంగా ఏం రాసి ఉంది అన్నది ఒకటి, చదివిన వైద్యుడి బుద్ధికి ఏం తోస్తోంది అన్నది రెండోది. ఈ రెండింటినీ కలపకుండా ఉంచడమే అసలైన క్రమశిక్షణ.

ఇప్పుడు ఈ పని మన దేశపు కాగితాల మీద చేయాలనుకుందాం. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్షకు మన దగ్గర ఇచ్చే రిపోర్టులో చివరి వరసల్లో తరచూ ఇలాంటి ముక్క ఉంటుంది: ‘మోడరేట్ ఎమ్ఎస్, పీహెచ్‌టీ 180, మైల్డ్ టీఆర్, ఆర్‌వీఎస్‌పీ 48, మైల్డ్ పీఏహెచ్.’ ఇందులో ‘పీహెచ్‌టీ’ని కొందరు పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు పొట్టిపేరుగా వాడతారు. ఇక్కడ అది మైట్రల్ వాల్వు ఎంత కుంచించుకుపోయిందో లెక్కగట్టే ఒక సమయపు కొలత. అదే రోగికి అదే వాల్వు వల్ల పల్మనరీ హైపర్‌టెన్షన్ కూడా ఉండటం మామూలే కాబట్టి యంత్రం తప్పు కారణంతో సరైన జవాబు చెప్పి మెప్పు పొందుతుంది. ‘పీఏహెచ్’ సంగతి ఇంకా చిత్రం. అంతర్జాతీయ వర్గీకరణలో అది ఊపిరితిత్తుల ధమనులే స్వయంగా జబ్బుపడే ఒక్క వర్గానికి పేరు. మన ఎకో గదిలో మాత్రం కారణమేదైనా ఒత్తిడి పెరిగినట్టు కనిపిస్తే రాసే మాట. పైగా ఆర్‌వీఎస్‌పీ, అంటే గుండె కుడి జఠరిక ఒత్తిడి, అని రాసిన ఆ 48 నేరుగా కొలిచిన అంకె కాదు. 1984లో యాక్, పాప్ అనే అమెరికన్ వైద్యులు చూపినట్టు, కుడి వాల్వు నుంచి వెనక్కి చిమ్మే రక్తపు వేగాన్ని వర్గం చేసి, నాలుగుతో గుణించి, కుడి కర్ణిక ఒత్తిడిని అంచనాగా కలిపితే వచ్చేది. కర్ణిక ఒత్తిడి కలపకముందే, వేగాన్ని సెకనుకు 3 మీటర్లని చదివితే 36, 3.3 అని చదివితే 43 దాటుతుంది. అందుకే యూరప్ మార్గదర్శకాలు ఎకోతో జబ్బు ‘ఉంది’ అని చెప్పవు. వేగం 2.8కి లోపుంటే అవకాశం తక్కువ, 3.4 దాటితే ఎక్కువ, మధ్యలో మధ్యస్తం అంటాయి. అంటే శాస్త్రం తనే అనుమానాన్ని మెట్లుగా రాసుకుంది. దాన్ని ఒక ముక్కలో ‘మైల్డ్ పీఏహెచ్’ అని రాయడం మన అలవాటు.

కాలం కూడా గుర్తును మారుస్తుంది. 1998లో ఎవియాన్‌లో జరిగిన నిపుణుల సదస్సు ఈ జబ్బును కారణాలను బట్టి అయిదు వర్గాలు చేసింది. 2003లో వెనిస్ సదస్సు ‘ప్రైమరీ’ అన్న పేరునే పక్కన పెట్టింది. దశాబ్దాల పాటు గొట్టంతో కొలిచిన సగటు ఒత్తిడి 25 లేదా ఆపైన ఉంటేనే జబ్బు. 2018లో నీస్ సదస్సు ఆ గీతను 20కి పైన అని దించింది. 2022లో యూరప్ మార్గదర్శకాలు దాన్ని స్వీకరించాయి. సగటు 22 ఉన్న మనిషికి 2015లో డాక్టరు ‘లేదు’ అని రాస్తే అది తప్పు కాదు. అదే అంకెకు 2023లో ‘ఉంది’ అని రాస్తే అదీ తప్పు కాదు. ఈ రెండు వాక్యాలనూ తేదీ లేకుండా ఒక కుప్పలో పోస్తే, నేర్చుకునే యంత్రానికి అర్థంలేని వైరుధ్యం మిగులుతుంది. లెక్కలు వేసే మనిషికి జబ్బు పెరిగిపోయిందన్న అపోహ మిగులుతుంది.

ఇలా అనుమానానికీ గడి ఇవ్వడానికి మొదటి అభ్యంతరం రికార్డు రూము వైపు నుంచే వస్తుంది. గడులు పెంచేకొద్దీ చదివేవాళ్లు పోట్లాడుకుంటారు, ‘ఉంది–లేదు’ అంటే ఇద్దరూ కలుస్తారు, ‘కావచ్చు’ దగ్గర విడిపోతారు, అలాంటి గుర్తును నమ్మడం ఎలా అంటారు. వాదనలో బలముంది. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా అనే సూచిక, యాదృచ్ఛికంగా కలిసే మేరను తీసేసి ఇద్దరు పరిశీలకుల ఏకాభిప్రాయం ఎంతో చెబుతుంది. సందేహపు గడుల్లో అది పడిపోవడం మామూలే. కానీ అభిప్రాయభేదం గడి వల్ల పుట్టలేదు, వాక్యంలోనే ఉంది. గడి తీసేస్తే భేదం దాక్కుంటుంది, పోదు. ఇద్దరు కోడర్లు ఒకే నిబంధన పట్టుకుని ప్రతి ‘బహుశా’కూ ‘ఉంది’ అని వేస్తే వాళ్ల కప్పా నూటికి నూరు రావచ్చు. అది నిబంధన మీద ఏకాభిప్రాయం, రోగి మీద కాదు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒక వాక్యం దగ్గర విడిపోతే, మూడోవాడు కూర్చుని తేల్చడంతో పాటు, ‘ఇక్కడ డాక్టరు రాత అస్పష్టం’ అన్న సమాచారమూ దొరికినట్టే. అయితే దీనికి ఒక హద్దు ఉండాలి. డజను మెట్ల సందేహం ఎవరికీ పనికిరాదు. ఆ మెట్టు మారితే రోగికి చేసే పని మారుతుందా అన్నదే కొలబద్ద.

రెండో అభ్యంతరం వైద్యులది. మాటల గొడవ ఎందుకు, గొట్టం వేసి కొలిచిన అంకె తీసుకుంటే సరిపోదా అంటారు. అంకె ఉన్నచోట అదే పెద్ద సాక్ష్యం, సందేహం లేదు. కానీ గొట్టం ఎవరికి వేస్తారు? పెద్ద కేంద్రానికి చేరినవాళ్లకు, ఖర్చు భరించగలిగినవాళ్లకు, చూసిన వైద్యుడికి తగినంత అనుమానం కలిగినవాళ్లకు. 2018లో ఫలితాలు వెలువడిన కేరళ రిజిస్ట్రీ 50 ఆసుపత్రుల నుంచి దాదాపు రెండు వేల మందిని నమోదు చేస్తే, ఎక్కువమందికి ఆధారం ఎకోయే. సగానికి పైగా కేసులు ఎడమ గుండె జబ్బుల వల్ల వచ్చినవి. కీళ్ల జ్వరంతో చిన్నప్పుడే వాల్వులు దెబ్బతినే మన దేశంలో ఇది ఆశ్చర్యం కాదు. అంకె ఉన్నవాళ్లనే లెక్కిస్తే ఆ పెద్ద గుంపు కాగితం మీద నుంచి జారిపోతుంది. 1980ల అమెరికన్ రిజిస్ట్రీ ఖచ్చితత్వం గొప్పదే, కానీ అది 187 మంది ఖచ్చితత్వం. పల్లె నుంచి జిల్లా ఆసుపత్రికి వచ్చి ‘ఎకోలో ప్రెషర్ ఎక్కువ ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అన్న మాటతో తిరిగి వెళ్లిన మనిషి ఉండేది డాక్టరు రాసిన మాటల్లోనే.

మూడోది ఈ కాలపు అభ్యంతరం. పెద్ద భాషా నమూనాలు ఇప్పుడు నోట్లు చదివి సందర్భం పట్టుకుంటున్నాయి, మనుషులు కూర్చుని వాక్యం వాక్యానికీ గుర్తులు పెట్టే రోజులు పోయాయి అంటారు. చదవడం వరకు ఇది చాలా మేరకు నిజం. అయిదు మాటల దూరం లెక్కపెట్టే సూత్రం కంటే అవి ఎంతో మెరుగు. కానీ అవి సరిగా చదివాయని చెప్పడానికి పోల్చి చూసే ప్రమాణం మనుషులు పెట్టిన గుర్తులే. పైగా మిగిలే ప్రశ్న చదవడం గురించి కాదు. ఆర్‌వీఎస్‌పీ 48ని ఏ గడిలో వేయాలి, 2015 నాటి ‘లేదు’ను ఇప్పుడెలా చూడాలి, మన ఎకో గది ‘పీఏహెచ్’ను ఏ వర్గంగా భావించాలి అన్నవి వైద్యపు నిర్ణయాలు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని రాయాలి. ఛాతీ ఎక్స్‌రేల రంగంలో 2019లో స్టాన్‌ఫర్డ్ విడుదల చేసిన చెక్స్‌పర్ట్ సంచయం ఇందుకు మేలైన నమూనా. 2 లక్షల 24 వేలకు పైగా చిత్రాలకు, వాటి రిపోర్టుల నుంచి యంత్రమే గుర్తులు తీసింది. అయినా ‘అనిశ్చితం’ అన్న గుర్తును విడిగా నిలిపి, దాన్ని ఉన్నట్టు లెక్కించాలా లేనట్టు లెక్కించాలా అన్నది వాడేవాళ్లకే వదిలి, రెండు దారుల ఫలితాలనూ పోల్చి చూపింది. యంత్రం వేగం పెంచింది, అనుమానాన్ని దాచలేదు.

ఇవన్నీ ఒప్పుకున్నా ‘దీనివల్ల రోగికి ఏం ఒరుగుతుంది?’ అన్న ప్రశ్న ఉంటుంది. జవాబు రెండేళ్ల ఆలస్యంలో ఉంది. 1980ల రిజిస్ట్రీ చెప్పిన ఆ ఆలస్యం తర్వాత కూడా తగ్గలేదు. 2006లో మొదలైన రివీల్ అనే అమెరికన్ రిజిస్ట్రీలో కూడా అయిదుగురిలో ఒకరికి లక్షణాలు మొదలైన రెండేళ్ల తర్వాతే జబ్బు తేలింది. మధ్యలో ఒక పెద్ద మార్పు వచ్చింది: 1995లో ఎపోప్రోస్టెనాల్, 2001లో బోసెంటాన్, 2005లో ఇదే జబ్బుకు సిల్డెనాఫిల్. మందులు లేని రోజుల్లో ఆలస్యం ఒక విచారకరమైన గణాంకం, మందులొచ్చాక అది తప్పించగల నష్టం. ఆ రెండేళ్లలో చాలామంది కాగితంలో ఎక్కడో ఒకచోట ‘ఎకో మళ్లీ చేయాలి’, ‘ఒత్తిడి పెరిగి ఉండవచ్చు’ అన్న వాక్యం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ‘లేదు’ గడిలో వేస్తే ఎవరూ పిలవరు. ‘ఉంది’ గడిలో వేస్తే మరో ప్రమాదం. ఊపిరితిత్తుల ధమనులే స్వయంగా జబ్బుపడే వర్గానికి పనిచేసే మందులు ఎడమ గుండె జబ్బు వల్ల ఒత్తిడి పెరిగినవారికి ఇవ్వవద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కంప్యూటరు ఫైళ్లలో ఒక నోటు నుంచి మరో నోటుకు అతికించే అలవాటు తోడైతే, మొదటిసారి ‘కావచ్చు’ అన్నది రెండోసారి ‘ఉంది’ అనీ, మూడోసారి ‘పాత జబ్బు’ అనీ మారిపోతుంది. ఎవరూ కొలవకుండానే జబ్బు ఖాయమవుతుంది. ప్రతి గుర్తుకూ తేదీ, ఆధారం కట్టి ఉంటే ఈ జారుడు ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరపు విషయం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నుంచి నేటి పథకాల దాకా చెల్లింపులు ప్యాకేజీ కోడ్ల మీదే నడుస్తున్నాయి. 2021లో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో ఫైళ్లు ఒకదానితో ఒకటి ముడిపడే దారి తెరుచుకుంది. అమెరికా 1983 తర్వాత నేర్చుకున్న పాఠం మనం ముందుగానే నేర్చుకోవచ్చు: డబ్బు కోసం వేసిన కోడునూ, రోగం కోసం పెట్టిన గుర్తునూ ఒకే గడిలో ఉంచకూడదు. ఆసుపత్రి ఏ జబ్బుకు పని చేసిందో బిల్లు చెప్పనీ. జబ్బు పేరు పక్కన మాత్రం నాలుగు సంగతులు ఉండాలి. ఎవరికి, ఏ తేదీన, దేని ఆధారంతో, ఎంత నమ్మకంతో. మొదటి మూడూ రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాలుగోది రాయడానికే మన ఫారాల్లో చోటు లేదు, మన వైద్యులకు అలవాటు లేదు. ‘తెలియదు’ అని రాస్తే చేతగానితనంగా కనిపిస్తుందన్న భయమూ ఉంది. అయెర్సా శిష్యులు తమ ఊహను ఊహగా రాసిపెట్టి ఉంటే బ్రెన్నర్‌కు పని సగం తగ్గేది. ఎకో గదిలో కూర్చున్న వైద్యుడు ‘మైల్డ్ పీఏహెచ్’ బదులు ‘అవకాశం మధ్యస్తం, ఎకో అంచనా, గొట్టం వేసి తేల్చాలి’ అని రాయడానికి పట్టే సమయం పది సెకన్లు. ఆ వాక్యం ఉంటే మనిషి చదివినా యంత్రం చదివినా రోగిని మళ్లీ పిలవాలని తెలుస్తుంది. అది లేకపోతే ఎంత తెలివైన యంత్రమైనా చేయగలిగింది వైద్యుడు చెప్పనిదాన్ని ఊహించడమే.